కాలు సన్నగా ఉండాలా, గట్టిగా ఉండాలా?

వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని వార్డెన్ సార్ ఫోన్ చేశారు. హాస్టల్ జ్ఞాపకాలు రాస్తానని అనుకుని ఉంటారు. అవి ఎలాగూ చాలామంది రాస్తారు. నేను ఒక బొమ్మ విమానం కాళ్ళ గురించి రాస్తున్నాను. నవ్వకండి తమ్ముళ్ళూ, ఇందులో మీకు రావలసిన మార్కుల సంగతి కూడా ఉంది.

1963లో మన వైమానిక దళంలో చేరిన మిగ్-21 విమానాలకు 2025 సెప్టెంబరు 26న చండీగఢ్‌లో వీడ్కోలు పలికారు. ఆ వార్త చూసి మన హాస్టల్ తమ్ముళ్ళు సైన్స్ ఎగ్జిబిషన్‌కు మిగ్-21 నమూనా చేద్దామనుకున్నారు. ప్లాస్టిక్ కిట్ ఒక పూర్వ విద్యార్థి ఇచ్చాడు. స్కేలు 1:48. అసలు విమానం రెక్క కొస నుంచి కొస వరకు 7.15 మీటర్లు, బొమ్మకు దాదాపు 15 సెంటీమీటర్లు. తోక మీద కూలబడకుండా ముక్కులో సైకిల్ బేరింగ్ గోళీలు వేశారు. ఆ బరువుకు ముందు కాలు బస్సులోనే విరిగింది.

ఇలాంటి బొమ్మలకు విడిగా లోహపు కాళ్ళు అమ్ముతారు. చందాలు వేసుకుని ఒక సెట్టు తెప్పించారు. అది వైట్ మెటల్, అంటే ఎక్కువగా తగరం ఉండే మెత్తని మిశ్రమ లోహం. చూడటానికి బ్రహ్మాండంగా ఉంది. మూడో రోజుకు వెనుక కాళ్ళు రెండూ పక్కలకు చాపుకుని విమానం మోకరిల్లిన మేకలా అయింది. తక్కువ వేడికే కరిగే లోహాలు ఎడతెగని బరువు కింద మామూలు గది వేడిలో కూడా మెల్లగా సాగుతాయి. రేకుల షెడ్డులో ఇంకా తొందరగా సాగుతాయి. పైగా వీటిలో చాలా వాటిని ప్లాస్టిక్ కాలునే అచ్చు తీసి పోస్తారు. కిట్‌లో కొలత తప్పయితే లోహంలోనూ అదే తప్పు వస్తుంది. లోహం అన్న ఒక్క మాటకు మోసపోయి డబ్బు పెడతాం.

ఎగ్జిబిషన్ దగ్గర పడింది. కంగారులో 3.15 మిల్లీమీటర్ల వెల్డింగ్ రాడ్డు ముక్కలు కోసి కాళ్ళుగా పెట్టారు. బొమ్మ రాయిలా నిలబడింది. జడ్జిగా వచ్చిన సారు చూసి "విమానానికి బోదకాలు వచ్చిందా?" అన్నారట. పిల్లలు చిన్నబుచ్చుకున్నారు. కానీ ఆయన అన్నది నిజమే. 3.15ని 48తో హెచ్చిస్తే 15 సెంటీమీటర్లు. 10 సెంటీమీటర్ల లావు ఉండాల్సిన స్తంభం 15 అయితే కంటికి తెలియకుండా పోదు.

అసలు బొమ్మకు ఈ కష్టం ఎందుకొస్తుందో ఫిజిక్స్ విద్యార్థిగా చెబుతాను. నిజమైన విమానం పలుచని అల్యూమినియం రేకుతో చేసిన డొల్ల. బొమ్మ గోడ 1.2 మిల్లీమీటర్లు ఉందనుకోండి, అది అసలు కొలతలో దాదాపు 6 సెంటీమీటర్ల గోడ! అంటే ఒళ్ళంతా లావు చేసి, కాళ్ళు మాత్రం స్కేలు ప్రకారం సన్నగా ఉండాలంటున్నాం. మీద తుడిచే చెయ్యి, ఎత్తే వేళ్ళు అయితే 48 రెట్లు తగ్గవు కదా. హైదరాబాద్ మిధానిలో అసలు విమానాల కోసం టైటానియం, ప్రత్యేక ఉక్కులు తయారు చేసేవాళ్ళ బాధ వేరు, వాళ్ళకు బలం కావాలి, బరువు పెరగకూడదు. మనకు బరువుతో పేచీ లేదు, లావుతోనే పేచీ.

నా అభిప్రాయం ఏమిటంటే కొంచెం దొంగతనం చేయవచ్చు. కడ్డీ వంగకుండా నిలిచే గుణం దాని మందం నాలుగో ఘాతాన్ని బట్టి పెరుగుతుంది. 2 మిల్లీమీటర్లను 2.2 చేస్తే బిగువు 46 శాతం పెరుగుతుంది, ఆ 0.2 తేడా ఏ జడ్జి కంటికీ ఆనదు. అంతకు మించి కావాలంటే లావు పెంచకూడదు, లోహం మార్చాలి. బొమ్మల ప్లాస్టిక్ కంటే ఇత్తడి సుమారు 30 రెట్లు బిగువు, ఉక్కు 60 రెట్లకు పైనే. మిగ్-21 ముక్కు దగ్గర పొడుగాటి పిటాట్ గొట్టం ఉంటుంది చూడండి, గాలి వేగం కొలిచేది. ప్లాస్టిక్‌లో అది లావుగానైనా ఉంటుంది, విరిగైనా పోతుంది. పోలండ్ నుంచి లేత్ మీద తీసిన ఇత్తడి గొట్టాలు వస్తున్నాయి, సూదిలా సన్నగా, గట్టిగా. అక్కడ తగువే లేదు.

కాళ్ళ తగువు తీర్చింది మా బాపు. బోధన్‌లో చెరకు ట్రాలీలు బాగుచేసే షెడ్డులో ఫిట్టర్. 1937లో ఏర్పడిన నిజాం షుగర్ ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో మూతపడ్డాక చెరకు తగ్గింది, ఇప్పుడు వడ్ల ట్రాలీలే ఎక్కువ. బొమ్మను అటు ఇటు తిప్పి చూసి, "కడ్డీ ఇరగది కొడుకా, అతుకు కాడ ఇరుగుతది. ఇరుసు ఎంత లావున్నా చాసిస్ కాడ పట్టు లేకుంటే ఏమున్నది?" అన్నాడు. సైకిల్ పుల్ల కోశాడు. అది 2 మిల్లీమీటర్లు, స్కేలుకు సరిగ్గా సరిపోయింది! పై కొసను ఎల్ ఆకారంలో వంచి, రెక్క కింది వైపు కోసి, రెండు సెంటీమీటర్లు లోపల అడ్డంగా పడుకోబెట్టి ఆరల్డైట్‌తో పట్టించాడు. బ్రేకు గొట్టాలకు కాలిపోయిన మోటారు రాగి తీగ. పైకి కనిపించేది సన్నం, కనిపించని చోట బలం.

నేను ఎమ్మెస్సీ దాకా చదివి నాలుగో ఘాతం చెప్పగలిగాను గానీ రెక్క లోపలికి వంచాలన్న ఆలోచన నాకు రాలేదు. మా ఇంట్లో మొదటి డిగ్రీ నాది. బాపును మాత్రం ఏ ఎగ్జిబిషన్‌కూ ఎవరూ పిలవలేదు, పిలిచినా ఫీజు కట్టే తండ్రిగానే పిలిచారు.

అందుకే అడుగుతున్నాను. వచ్చే ఎగ్జిబిషన్‌లో జడ్జీల పక్కన ఒక ఫిట్టర్‌నో, వడ్రంగినో కూర్చోబెట్టండి. నమూనాతోపాటు కొలతల కాగితం అడగండి, రెండు రోజులు నిలబెట్టి మార్కులు వేయండి. వార్షికోత్సవం డెకరేషన్ డబ్బులో కొంత మిగిల్చి ఒక వెర్నియర్ కాలిపర్స్, చేతి డ్రిల్లు, నాలుగు సన్న ఆకురాళ్ళు హాస్టల్‌కు కొనండి. షాపులో కొన్న థర్మోకోల్ బొమ్మలకు పెట్టే ఖర్చు కంటే ఇది దండగేం కాదు.

విమానం ఇప్పుడు స్టడీ రూమ్ బీరువా మీద ఉంది. ఊడ్చేటప్పుడు రోజూ ఎవరో ఒకరు దాన్ని జరుపుతూనే ఉన్నారట. వార్షికోత్సవానికి వచ్చినప్పుడు కాళ్ళ మధ్య దూరం కొలిచి చూస్తాను. ఈసారికి వెర్నియర్ నేనే తెస్తాను.