తుంపర్లతో చేను సమముగా తడుపుట

మన ప్రాంతములలో బోరుబావుల క్రింద వేరుశనగ పండించు రైతులలో ననేకులు నేడు స్ప్రింక్లర్లు వాడుచున్నారు. 2003వ సంవత్సరమున ఆంధ్రప్రదేశ్ సూక్ష్మసేద్య పథకము ఆరంభమైన పిమ్మట సర్కారు సహాయముచే వీని వాడకము హెచ్చినది. ఇది సంతోషింపదగినదే. కాని చేను తడియుట వేఱు, సమముగా తడియుట వేఱు. ఒకచోట బురద, పది గజముల కావల బెట్ట: ఇట్టి చేలను మేము పెక్కింటిని చూచియున్నాము. ఎండిన భాగముకొఱకు రైతు మోటారును మఱియొక గంట నడపును. అందువలన తడిసిన చోటనే మరల నీరు నిలిచి, ఎరువుసారము వేళ్లకు దక్కక దిగిపోవును. ఊడలు దిగు కాలమున బెట్ట తగిలిన చోట కాయ సరిగా కట్టదు. దీనికి ముఖ్యకారణము నాజిల్ విషయమై మన యశ్రద్ధయే యని మా యభిప్రాయము.

ఒక నాజిల్ పోయినచో అంగడిలో దొరికినదానిని తెచ్చి బిగించుట మనలో వాడుక. 4 మిల్లీమీటర్ల రంధ్రమునకును, 5 మిల్లీమీటర్ల రంధ్రమునకును కంటికి భేదము స్వల్పము. నీటి లెక్కలో నట్లు కాదు. నాలుగు నాలుగులు పదునాఱు, అయిదైదులు ఇరువదియైదు. ఒకే వత్తిడిలో మొదటిది 16 కడవలు పోయు వ్యవధిలో రెండవది 25 కడవలు పోయును. ఇసుకనీటిచే అరిగిన నాజిల్ కూడ నిట్టిదే. 4 మిల్లీమీటర్లది 4.4 అయినచో నూటికి 21 పాళ్లు అధికముగా నీరు పోవును. సరియైన కొలత డ్రిల్లు బిట్టు యొక్క నున్నని కాడను దూర్చి చూడుడు. వదులుగా ఆడినచో ఆ నాజిల్‌ను మార్చవలెను. పూడిక తీయుటకు మేకును దూర్చరాదు.

గట్టు ప్రక్కన సగము చుట్టు మాత్రమే తిరుగు స్ప్రింక్లరునకు, నిండుగా తిరుగుదానికన్న సగము నీరు వదలు నాజిల్ ఉండవలెను. లేనిచో సగము నేలపై రెట్టింపు నీరు పడును. ఇండ్లముందు పచ్చిక పెంచువారికిని ఇదియే సూత్రము.

"పెద్ద నాజిల్ పెట్టిన దూరము చిమ్మును గదా" యని కొందఱందురు. బోరులో నీరును, మోటారునకు శక్తియు చాలినప్పుడు ఆ మాట నిజమే. చాలనిచో వత్తిడి పడిపోయి, ధార చీలక, పెద్ద చుక్కలై దూరమున వలయముగా పడును, నడుమ ఎండును. వత్తిడి మితిమీరినచో నీరు మంచువలె చీలి గాలికి కొట్టుకొనిపోవును. నాజిల్ వద్ద చదరపు సెంటీమీటరునకు 2.5 కిలోల వత్తిడి యున్నచో, 4 మిల్లీమీటర్ల నాజిల్ గంటకు సుమారు 950 లీటర్లు పోయును. 12 మీటర్ల చదరమున కొకటి చొప్పున నిలిపినచో ఇది గంటకు సుమారు 6.5 మిల్లీమీటర్ల వానతో సమానము. స్ప్రింక్లరునకు దగ్గఱ నెక్కువగను, దూరమున తక్కువగను పడుట సహజము గనుక, ఒకదాని ధార రెండవదాని మొదలువఱకు చేరునట్లు నిలుపవలెను.

మా మాట నమ్ముటకన్న కొలిచి చూచుట మేలు. డబ్బాలు పఱచి తుంపర్ల సమత్వమును లెక్కించు పద్ధతిని కాలిఫోర్నియాలో క్రిస్టియన్సన్ అను నాతడు 1942లో ప్రకటించెను. మనకు సులభమైన రీతి యిది: నాలుగు స్ప్రింక్లర్ల నడిమి నేలపై ఒకే తీరు డబ్బాలు 16 సమదూరమున నిలిపి, గాలి లేని వేళ గంటసేపు నడుపుడు. లైను మార్చువారు డబ్బాలను కదల్పక, రెండవ తావునను అంతసేపే నడుపవలెను. పిమ్మట ప్రతి డబ్బాలోని నీటిని కొలువుడు. అతి తక్కువ నీరున్న నాలుగు డబ్బాల సగటు, మొత్తము సగటులో ముప్పాతికకు తగ్గినచో లోపమున్నదని యెఱుగవలెను.

పైపుల వెలతో పోల్చిన నాజిల్ వెల యెంత? ఆ కొద్దిపాటి వెలకు వెనుదీసి, బోరునీటిని వ్యర్థపఱచుకొనుట తగదు. ప్రతి సంఘమును తన సభ్యుల మోటార్లకు తగిన కొలత నాజిళ్లను నిలువ చేసి, పరీక్షకు డ్రిల్లు బిట్లను కార్యాలయమున నుంచవలెనని మేము కోరుచున్నాము. రాబోవు సర్వసభ్య సమావేశమున సభ్యులు ఈ విషయమును తప్పక ప్రస్తావింతురు గాక.