ఎన్ని అక్షాలు కావాలి?

బోరు పంపు పాడైనప్పుడు దానిని పైకి లాగడం మీరు చూసే ఉంటారు. చిత్తూరు, తిరుపతి పల్లెల్లో ఆ దృశ్యం చూడని పిల్లలు ఉండరేమో! గొట్టాలు ఒక్కొక్కటిగా బయటికి వస్తాయి. చివరికి పంపు వస్తుంది. మెకానిక్కు దానిని విప్పి లోపలి నుంచి అరచేతిలో పట్టేంత చక్రాలను తీస్తాడు. వాటిని ఇంపెల్లర్లు అంటారు. నీటిని పైకి నెట్టేవి అవే.

ఈసారి చూసినప్పుడు ఆ చక్రం లోపలి రెక్కలను గమనించండి. అవి తిన్నగా ఉండవు, వంపు తిరిగి ఉంటాయి. ఎక్కువ నీటిని తోడే కొన్ని పంపుల్లో రెక్క వంగడమే కాదు, మెలి కూడా తిరుగుతుంది. ఇటువంటి చక్రాలను వేలకొద్దీ చేసేటప్పుడు అచ్చుల్లో పోస్తారు. మరి ఆ అచ్చును లోహంలో చెక్కడం ఎట్లా? దానికి పనికివచ్చే యంత్రాల్లో ఒకటి ఐదు అక్షాల మెషినింగ్ సెంటర్.

ఇప్పుడు ఈ యంత్రాలు చిన్న సైజుల్లో కూడా వస్తున్నాయి. మామూలు షెడ్డులో ఒక మూల పట్టేస్తాయి. మన ప్రాంతంలో మెషిన్ షాపు నడిపేవాడు అటువంటిదొకటి కొనాలా? కొంటే దేనిని ఎంచుకోవాలి? ఇది పెద్దల ప్రశ్న, మనకెందుకు అనుకోకండి. పదేళ్ళు తిరిగేసరికి మీలో కొందరు ఐ.టి.ఐ. లేదా పాలిటెక్నిక్ ముగించుకొని ఇదే ప్రశ్న ముందు నిలబడతారు. బ్యాంకు అప్పు మీ పేరునే ఉంటుంది. కనుక ఇప్పుడే ఆలోచించి పెట్టుకోవడం మంచిది.

నా అభిప్రాయం మొదటే చెప్పేస్తాను. యంత్రాన్ని చూసి పని వెతుక్కోకూడదు. చేతిలో ఉన్న పనిని చూసి యంత్రాన్ని ఎంచుకోవాలి. అది ఎందుకో చూద్దాం.

అక్షం అంటే?

ఒక సబ్బుబిళ్ళను ఎడమచేత్తో పట్టుకోండి. కుడిచేతిలో మొండి పెన్సిలు ఉంచుకోండి. సబ్బును కదల్చకుండా బల్లమీదే ఉంచి పెన్సిలును కుడి-ఎడమలకు, ముందు-వెనుకలకు, పైకి-కిందికి మాత్రమే కదిపి గీయండి. పెన్సిలు ఎప్పుడూ నిలువుగానే ఉండాలి. ఈ మూడు దిశలే ఎక్స్, వై, జడ్ అక్షాలు. మీ లెక్కల పుస్తకంలో ఉన్నవే! పై ముఖాన్ని బాగానే చెక్కగలిగారు గదా? పక్క ముఖాల మీద గుంట పెట్టాలంటే మాత్రం కుదరదు.

ఇప్పుడు సబ్బును చేతిలోకి తీసుకొని కావలసినట్లు వంచుతూ, తిప్పుతూ చెక్కండి. ఎంత సులువైపోయిందో చూడండి! వంచడం ఒక అక్షం, తిప్పడం మరొక అక్షం. మొత్తం ఐదు అయినాయి. తిరుపతికి దగ్గరలోని మాధవమాల గ్రామంలో కొయ్యబొమ్మలు చెక్కే కళాకారులు చేసేది ఇదే. ఉలి చేతిలో ఉంటుంది. బొమ్మను అవసరం కొద్దీ వంచుతారు, తిప్పుతారు. ఆ చేతి నేర్పునే యంత్రం ఇరుసుల మీద, మోటార్ల మీద చేస్తుంది. చాలా చిన్న యంత్రాల్లో కట్టర్ నిలువుగా ఉంటుంది. దాని కింద ఊయల వంటి తొట్టె ఉంటుంది. తొట్టె ముందుకు వెనక్కు ఊగుతుంది. తొట్టె మీది గుండ్రటి బల్ల తనచుట్టూ తాను తిరుగుతుంది.

ఇది ఎక్కడ మొదలైంది?

అమెరికాలో జాన్ పార్సన్స్ అనే ఆయన 1940లలో హెలికాప్టర్ రెక్కల పనిలో ఉండేవాడు. రెక్క వంపు సరిగా రావాలంటే దాని మీద ఎన్నో బిందువులు కచ్చితంగా తెలియాలి. వాటిని చేత్తో లెక్కకట్టడం తెమలక, పంచ్ కార్డులతో నడిచే లెక్కల యంత్రాన్ని వాడుకున్నాడు. అంకెలతోనే యంత్రాన్ని నడిపితే ఎట్లా ఉంటుందన్న ఆలోచన అక్కడ పుట్టింది. 1952లో ఎం.ఐ.టి. సంస్థ చిల్లుల టేపుతో మూడు అక్షాలను నడిపే మిల్లింగ్ యంత్రాన్ని చూపించింది. తరువాత అక్షాలు పెరిగాయి, టేపు పోయి కంప్యూటర్ వచ్చింది.

దీని విలువ ఎంతటిదో ఒక గొడవ చెబుతుంది. జపానులోని తోషిబా మెషిన్ కంపెనీ ఓడల ప్రొపెల్లర్లు చెక్కే బహు అక్షాల యంత్రాలను నిషేధం ఉన్నా సోవియట్ యూనియన్‌కు అమ్మిందని 1987లో బయటపడింది. జలాంతర్గాములకు చప్పుడు తక్కువ చేసే ప్రొపెల్లర్లు వాటితో చేసుకోవచ్చునని అమెరికా మండిపడింది. ఒక మిల్లింగ్ యంత్రం దేశాల మధ్య తగవు పెట్టిందన్నమాట!

అసలు లాభం ఎక్కడ ఉన్నది?

ఐదు అక్షాలు అనగానే అందరికీ మెలి తిరిగిన రెక్కలే గుర్తుకు వస్తాయి. నిజానికి చిన్న షాపుకు వచ్చే పనుల్లో అటువంటివి తక్కువ. ఎక్కువగా వచ్చేవి పక్కలన్నిటా బెజ్జాలు, గాడులు ఉండే దిమ్మలు. వీటిని మూడు అక్షాల యంత్రం మీద చేయాలంటే ప్రతి ముఖానికీ దిమ్మను ఊడదీసి, తిప్పి, మళ్ళీ వైస్‌లో బిగించాలి. షాపులో దీనిని ‘సెట్టింగ్’ అంటారు. ఒక్కో సెట్టింగ్‌లో 0.02 మి.మీ. తేడా వచ్చిందనుకోండి. నాలుగైదు సెట్టింగ్‌లలో ఆ తప్పులు ఒకదానిపై ఒకటి చేరవచ్చు. ఎదురెదురు బెజ్జాలు ఒకే గీతలో ఉండవు. ఇరుసు దూరదు. దిమ్మ తుక్కు కింద పోతుంది.

ఐదు అక్షాల యంత్రంలో ఒక్కసారి బిగిస్తే ఐదు ముఖాలూ కట్టర్‌కు అందుతాయి. బిగింపు పట్టిన ఆరో ముఖానికి రెండో సెట్టింగ్ చాలు. నా దృష్టిలో చిన్న షాపుకు అసలు లాభం ఇదే.

ఇంకొక లాభం భౌతికశాస్త్రం చెబుతుంది. ఒక చివర బిగించిన కడ్డీని రెండో చివర నొక్కితే వంగుతుంది. అదే బలానికి పొడవు రెండింతలైతే వంపు ఎనిమిదింతలవుతుంది. లోతైన గుంటలోకి కట్టర్‌ను నిలువుగానే దింపాలంటే అది పొడుగ్గా ఉండాలి, వణుకుతుంది. దిమ్మనే వంచితే పొట్టి కట్టర్ చాలు.

మూడోది తిరగలిలో కనబడుతుంది. తిరగలి తిప్పినప్పుడు అంచు జోరుగా కదులుతుంది, నడిమి గూటం దగ్గర కదలిక దాదాపు ఉండదు. మొన గుండ్రంగా ఉన్న కట్టర్ కూడా అంతే. సరిగ్గా మొనదగ్గర వేగం సున్న. అక్కడ లోహం తెగదు, నలుగుతుంది. కాస్త వంచి పట్టుకుంటే మొన తప్పుకొని పక్కభాగం కోస్తుంది. ఉపరితలం నున్నగా వస్తుంది.

కొనేముందు అడగవలసినవి

మొదటి ప్రశ్న: ఐదూ ఒకేసారి కదలాలా? దిమ్మను వంచి, తిప్పి, అక్కడ గట్టిగా నిలిపి, ఆపైన మూడు అక్షాలతో చెక్కడాన్ని ‘మూడు ప్లస్ రెండు’ పద్ధతి అంటారు. దిమ్మల పనికి ఇది సరిపోతుంది. ఐదూ కలిసి కదలడం మెలి రెక్కలకే కావాలి. దానికి ప్రోగ్రాము రాయడం కష్టం, సాఫ్ట్‌వేర్ ఖరీదు ఎక్కువ.

రెండోది: బల్ల ఎంత? దిమ్మ బల్లమీద పడితే చాలదు. వంచినప్పుడు, తిప్పినప్పుడు దాని మూలలు ఎక్కడా తగలకూడదు. బరువు కూడా ఊయల మోయగలిగినంతే ఉండాలి. మీ పనుల్లో పెద్ద దిమ్మను కొలిచి, పట్టుకొనే వైస్‌ను కూడా కలుపుకొని లెక్క చూడాలి. ఈ పని చేయక మోసపోయేవాళ్ళే ఎక్కువ.

మూడోది: ఏ లోహం? చిన్న యంత్రాల్లో కొన్నిటికి బీటీ-30 అనే సన్న శంకువు పట్టు, కొన్నిటికి బీటీ-40 అనే లావు పట్టు ఉంటుంది. అల్యూమినియానికి, చిన్న కట్టర్లకు మొదటిది చురుకు. ఉక్కును లోతుగా కోయాలంటే రెండోది నిబ్బరం.

నాలుగోది: ఇరుసులు ఎంత నమ్మకం? ఒక డిగ్రీలో 3600వ భాగాన్ని సెకను అంటారు. తిరిగే ఇరుసులో పది సెకన్ల తప్పు ఉంటే, ఇరుసుకు 200 మి.మీ. దూరంలో దాదాపు 0.01 మి.మీ. తేడా వస్తుంది. దూరం పెరిగితే తప్పు పెరుగుతుంది. చిన్న దిమ్మకు చిన్న యంత్రమే మేలు అనడానికి ఇదీ ఒక కారణం.

ఐదోది మన ఊరి ప్రశ్న: ఎండ! 300 మి.మీ. అల్యూమినియం కడ్డీ పది డిగ్రీలు వేడెక్కితే సుమారు 0.07 మి.మీ. పెరుగుతుంది, ఒక తల వెంట్రుక మందమంత. తిరుపతి వేసవిలో రేకుల షెడ్డు కింద పొద్దున చేసిన దిమ్మ, మధ్యాహ్నం చేసిన దిమ్మ ఒకటి కావు. యంత్రానికి డబ్బు పెట్టి గదికి పెట్టకపోతే కొన్న కచ్చితత్వం ఎండలో కరిగిపోతుంది.

ఒక చిన్న లెక్క

యంత్రం ధర కోటి రూపాయలనీ, ఎనిమిదేళ్ళు పని చేస్తుందనీ అనుకుందాం. ఏడాదికి పన్నెండున్నర లక్షలు. ఏడాదికి 300 రోజులు, రోజుకు 16 గంటలు నడిస్తే గంటకు సుమారు 260 రూపాయలు పడుతుంది. రోజుకు నాలుగు గంటలే నడిస్తే? గంటకు 1040 దాటుతుంది. వడ్డీ, కరెంటు, జీతం ఇందులో కలపలేదు. యంత్రం అదే, ధర అదే. పని ఉండటం, లేకపోవడమే తేడా.

రెండు వాదాలు

‘మనకెందుకండీ ఇవన్నీ? చెరకు గానుగ ఇరుసు, లారీ బుష్షు చేసుకొనే షాపులు మనవి. లేతు చాలు’ అనేవారున్నారు. ఆ పనుల మటుకు వారి మాట నిజమే. కానీ పరిస్థితి మారుతున్నది. శ్రీసిటీలో, రేణిగుంట చుట్టుపక్కల పరిశ్రమలు ఉన్నాయి. 2022లో తిరుపతి జిల్లా ఏర్పడినప్పుడు శ్రీహరికోట కూడా అందులో చేరింది. రాకెట్ మన ముంగిట ఎగురుతున్నది గాని, దాని భాగాలు దేశంలో ఎన్నో చోట్ల తయారై వస్తాయి. కచ్చితమైన పని ఇక్కడ చేయలేకపోతే అది చెన్నైకో, బెంగుళూరుకో పోతుంది. దాని వెంట మన పిల్లలూ పోతారు.

‘అయితే పెద్దదే కొనేద్దాం, రేపు పనికివస్తుంది’ అనేవారూ ఉన్నారు. ఇది మరీ ప్రమాదం. రాని రేపటి కోసం నేటి వాయిదాలు కడుతూ షాపు మునిగిపోవచ్చు.

నా సలహా ఇది. గడచిన ఏడాది చేసిన పనుల్లో ఇరవై డ్రాయింగులు తీసి బల్లమీద పరచండి. ఒక్కొక్క దానికి ఎన్ని సెట్టింగ్‌లు పట్టాయో రాయండి. ఎక్కువ భాగం ఒకటి రెండు సెట్టింగ్‌ల పనులే అయితే మూడు అక్షాల యంత్రం చాలు. నాలుగైదు పట్టే పనులు సగం దాటితే, మూడు ప్లస్ రెండు బాగా చేసే చిన్న యంత్రం కొనండి. ఉన్న యంత్రం మీదే వంగి తిరిగే బల్ల ఒకటి బిగించుకోవచ్చు గాని, అది ఎత్తును తినేస్తుందని మరవకండి. ఒక్క షాపు మోయలేకపోతే నాలుగు షాపులు కలిసి కొనవచ్చు. హైదరాబాదులో 1968లో మొదలైన సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్ వంటి ప్రభుత్వ టూల్‌రూములు శిక్షణ ఇస్తాయి, చిన్న పరిశ్రమలకు పనులూ చేసిపెడతాయి. ముందు అక్కడ ఒక దిమ్మ చేయించుకొని చూసి, తరువాత నిర్ణయించుకోవడం తెలివైన పని.

అన్నిటికంటే ముందు మనిషి కావాలి. ఊయల వంగినప్పుడు కట్టర్ ఎక్కడ తగులుతుందో కళ్ళు మూసుకొని ఊహించగలవాడు లేకపోతే, అంత ఖరీదైన యంత్రమూ మొదటి వారంలోనే దిమ్మను గుద్దుకొని కూర్చుంటుంది. ఆ ఊహాశక్తి యంత్రంతోపాటు పెట్టెలో రాదు. అది మీ జామెట్రీ క్లాసులో, ఒక వస్తువును మూడు వైపుల నుంచి చూసి గీసే బొమ్మల్లో మొదలవుతుంది.

కనుక ఈ ఆదివారం ఆ సబ్బుబిళ్ళనే మళ్ళీ తీయండి. దాని ఆరు ముఖాల మీద ఆరు గుంటలు గుర్తుపెట్టి, ఎన్నిసార్లు పట్టు మార్చకుండా చెక్కగలరో ముందే కాగితం మీద రాసుకోండి. తరువాత చెక్కి చూడండి. మీ లెక్క తప్పితే పోయేది ఒక సబ్బు మాత్రమే!