యాప్ వెనక తాళంచెవి ఎవరి దగ్గరుంది? ఎన్నాళ్లుంటుంది?

2025 మార్చి 14న గిట్‌హబ్‌లోని ఒక చిన్న ఉచిత టూల్‌లోకి ఆగంతకులు దొంగ కోడ్ చొప్పించారు. ఆ టూల్ పేరు 'టీజే-యాక్షన్స్ ఛేంజ్డ్-ఫైల్స్'. కోడ్‌లో ఏయే ఫైళ్లు మారాయో చెప్పడమే దాని పని. కానీ 23 వేలకు పైగా సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టులు దాన్ని వాడుతున్నాయి. దొంగ కోడ్ ఉన్న సమయంలో బిల్డ్ నడిచిన ప్రాజెక్టుల రహస్య కీలు, టోకెన్లు బిల్డ్ లాగ్‌లోకి వచ్చి పడ్డాయి. లాగ్ అందరికీ కనిపించే ప్రాజెక్టుల్లో వాటిని ఎవరైనా చదివి తీసుకోవచ్చు. అసలు ఈ దాడికి మూలం కూడా ఒక టోకెనే. టూల్‌ను నిర్వహించే బాట్ ఖాతా టోకెన్ దొంగల చేతికి చిక్కింది.

పింఛను వివరాలు చూసుకోవడానికో, కరెంటు బిల్లు కట్టడానికో ఫోన్‌లో యాప్ తెరిచే మనకు దీనితో ఏం సంబంధం? ఆ యాప్‌లు కూడా ఇలాంటి బిల్డ్‌ల నుంచే తయారై వస్తాయి. అక్కడ తాళం ఊడితే ఇబ్బంది పడేది వాటిని వాడే జనమే.

బిల్డ్ అంటే ఏమిటి? టోకెన్ ఎందుకు?

ఏ యాప్‌కైనా, వెబ్‌సైట్‌కైనా కోడ్ ఒక రిపాజిటరీలో ఉంటుంది. ప్రోగ్రామర్ అందులో మార్పు చేయగానే ఒక యంత్రం దానంతటదే ఆ కోడ్ తీసుకుని, పరీక్షించి, సర్వర్‌కో యాప్ స్టోర్‌కో పంపిస్తుంది. దీన్నే ఆటోమేటెడ్ బిల్డ్ అంటారు.

మనిషైతే పాస్‌వర్డ్ కొట్టి, ఫోన్‌కు వచ్చిన ఓటీపీ చూసి లాగిన్ అవుతాడు. అర్ధరాత్రి రెండింటికి నడిచే యంత్రానికి ఓటీపీ చూసే వీలు లేదు. అందుకే దానికి టోకెన్ గానీ, కీ గానీ ఇస్తారు. రిపాజిటరీలోకి కోడ్ పంపడానికి, తీసుకోవడానికి ఖాతా పాస్‌వర్డ్‌ను అంగీకరించడం గిట్‌హబ్ 2021 ఆగస్టు 13 నుంచి మానేసింది.

చిక్కేమిటంటే, టోకెన్ సినిమా టికెట్ లాంటిది. గేటు దగ్గర టికెట్ ఉందా లేదా అనే చూస్తారు. కొన్నది ఎవరని అడగరు.

ఎక్కడ తప్పు జరుగుతోంది?

మొదటిది, ఉద్యోగి తన సొంత టోకెన్‌ను యంత్రానికి ఇవ్వడం. గిట్‌హబ్ పాతరకం పర్సనల్ టోకెన్‌కు కోడ్ అనుమతి ఇస్తే, ఆ ఉద్యోగి చూడగలిగే రిపాజిటరీలన్నీ దానికీ తెరుచుకుంటాయి. ఒక గది కోసం ఇల్లంతటి తాళాలూ ఇచ్చినట్టు. ఆ ఉద్యోగి మానేసినా, బిల్డ్ ఆగిపోతుందన్న భయంతో టోకెన్‌ను ఎవరూ రద్దు చేయరు.

రెండోది, కీని కోడ్‌లోనే రాసేయడం. జపాన్‌లో టొయోటా 'టీ-కనెక్ట్' సేవ విషయంలో ఇదే జరిగింది. వెబ్‌సైట్ తయారుచేసిన సబ్‌కాంట్రాక్టర్ కోడ్‌లో కొంత భాగాన్ని గిట్‌హబ్‌లో అందరికీ కనిపించేలా పెట్టేశాడు. డేటా సర్వర్ కీ అందులోనే ఉంది. 2017 డిసెంబరు నుంచి 2022 సెప్టెంబరు వరకు ఎవరూ గమనించలేదు. 2,96,019 మంది ఈమెయిల్ చిరునామాలు బయటపడి ఉండొచ్చని కంపెనీ ప్రకటించింది.

మూడోది, బయటి టూళ్లను గుడ్డిగా నమ్మడం. 2021లో 'కోడ్‌కోవ్' స్క్రిప్టును దొంగలు మార్చేశారు. అది నడిచిన ప్రతి బిల్డ్ నుంచీ రహస్యాలు బయటి సర్వర్‌కు వెళ్లే ఏర్పాటు చేశారు. జనవరి 31న మొదలైన ఈ తంతు ఏప్రిల్ 1 దాకా బయటపడలేదు. డౌన్‌లోడ్ చేసిన ఫైల్ ముద్ర, కంపెనీ ప్రకటించిన ముద్రతో సరిపోలకపోవడాన్ని ఒక కస్టమర్ గమనించి చెప్పాకే తెలిసింది.

మరి పరిష్కారం?

సూత్రం ఒక్కటే. తాళంచెవి పనితో పుట్టాలి, పనితో పోవాలి, ఒక్క గదికే పనిచేయాలి.

గిట్‌హబ్ యాక్షన్స్‌లో ప్రతి జాబ్‌కూ ఒక తాత్కాలిక టోకెన్ తయారవుతుంది. జాబ్ ముగియగానే అది చెల్లదు. 2023 ఫిబ్రవరి నుంచి కొత్త ఖాతాల్లో దానికి మొదట చదివే అనుమతి మాత్రమే ఉంటోంది. వేరే రిపాజిటరీ కావాలంటే ఆ ఒక్కదానికే పనిచేసే డిప్లాయ్ కీ ఉంది. గంటలో గడువు తీరే గిట్‌హబ్ యాప్ టోకెన్ కూడా ఉంది. క్లౌడ్ సర్వర్లకైతే 'ఓఐడీసీ' పద్ధతి మేలు. ఇందులో కీని ఎక్కడా దాచరు. ఏ రిపాజిటరీ, ఏ బ్రాంచ్ నుంచి వచ్చిందో రుజువు చూపితే యంత్రానికి క్లౌడ్ కాసేపు పనిచేసే పాస్ ఇస్తుంది.

బయటి టూల్‌ను వెర్షన్ పేరుతో కాకుండా, 40 అక్షరాల కమిట్ ముద్రతో పిలవాలి. మార్చి దాడిలో దొంగలు వెర్షన్ పేర్లనే తమ కోడ్ వైపు తిప్పారు. పాత కమిట్‌కే కట్టుబడిన ప్రాజెక్టులు దెబ్బతినలేదు.

తాత్కాలిక టోకెన్ అన్నిటికీ మందు కాదు. జాబ్ నడుస్తున్న ఆ కొద్ది నిమిషాల్లో దొంగ దాన్నీ వాడుకోగలడు. కాకపోతే అది ఐదేళ్ల పాటు తెరిచి ఉండే తలుపు కాదు. లాగ్‌లో రహస్యాలను గిట్‌హబ్ నక్షత్ర గుర్తులతో కప్పుతుంది కదా అని ధీమా పడటమూ తప్పే. మార్చి దాడిలో కీలను వేరే రూపంలోకి రెండుసార్లు మార్చి అచ్చు వేయడంతో ఆ కప్పుడు పనిచేయలేదు.

ప్రభుత్వ సేవల్లో ఏం అడగాలి?

సైబర్ ఘటన తెలిసిన 6 గంటల్లో చెప్పాలని, లాగ్‌లను 180 రోజులు ఉంచాలని 2022 ఏప్రిల్ 28న సెర్ట్-ఇన్ ఆదేశించింది. డేటా భద్రతలో విఫలమైతే రూ.250 కోట్ల దాకా జరిమానా విధించే వీలు 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టంలో ఉంది. అయితే ఇవి ప్రధానంగా దొంగ పడ్డాక అక్కరకొచ్చేవి.

ముందే అడగాల్సిన ప్రశ్నలు టెండరు పత్రంలో ఉండాలి. ప్రభుత్వ సాఫ్ట్‌వేర్ పనులు చాలావరకు ప్రైవేటు ఏజెన్సీల చేతుల్లో ఉంటాయి. కాంట్రాక్టు ముగుస్తుంది, ఏజెన్సీ మారుతుంది. కంప్యూటర్లు, పత్రాలు అప్పగిస్తారు. మరి టోకెన్లు?

బిల్డ్ టోకెన్ వ్యక్తి పేరున ఉందా, సేవ పేరున ఉందా? గడువెంత? ఏజెన్సీ వెళ్లిన రోజే దాన్ని రద్దు చేసే బాధ్యత ఏ అధికారిది? రద్దయిందని ఎవరు సంతకం చేస్తారు? అద్దె ఇల్లు ఖాళీ చేసిన వాళ్ల దగ్గర తాళంచెవులు తీసుకోకుండా ఎవరూ అడ్వాన్సు తిరిగివ్వరు. చివరి బిల్లు చెల్లించే ముందు శాఖలు చేయాల్సిందీ అదే.