వేడి అనే మాటను పొదుపుగా వాడుదాం

తెలుగు దినపత్రికలో వేడి లేని పుట దొరకడం కష్టం. శాసనసభలో చర్చ వాడివేడిగా సాగుతుంది. ఉప ఎన్నిక వస్తే రాజకీయం వేడెక్కుతుంది, గట్టి పోటీ ఉన్న నియోజకవర్గం హాట్ సీటవుతుంది. కొత్త ఫోను హాట్ కేకుల్లా అమ్ముడుపోతుంది. సినిమా పుటలో నటి పేరుకు ముందు హాట్ వచ్చి చేరుతుంది, ఆమె ఎలా నటించిందో మాత్రం ఆ వార్తలో ఉండదు. ఏప్రిల్ రాగానే ఎండకూ అదే మాట.

ఈ అలవాటు వల్ల వార్తకే నష్టం. చర్చ వాడివేడిగా సాగిందని రాసిన విలేకరి, ఏ సవరణ మీద ఎవరు ఏమన్నారో రాయకుండానే తప్పించుకోగలుగుతాడు. విశేషణం వచ్చి కూర్చున్న చోట వివరం లేచిపోతుంది.

వేడికి ఎంత బరువుందో సాత్తూరు వాళ్లకు తెలుసు. తమిళనాడులోని విరుదునగర్ జిల్లాకు చెందిన ఆ ఊరి చుట్టుపక్కల, దక్షిణాన కోవిల్‌పట్టి దాకా, తరతరాలుగా ఇళ్లలో తెలుగు మాట్లాడే కుటుంబాలున్నాయి. వానను నమ్ముకున్న నల్లరేగడి నేల అది. చేను కూడు పెట్టని ఏడాది అగ్గిపెట్టెల పనో బాణసంచా పనో ఆదుకుంటుంది. అగ్గిపుల్ల తలకు పొటాషియం క్లోరేట్, పెట్టె పక్కకు ఎర్ర భాస్వరం పూస్తారు. రెండూ రాసుకుంటేనే మంట. బాణసంచా మందు కలిపే చోట అలాంటి రాపిడే ప్రాణాలు తీస్తుంది. 2021 ఫిబ్రవరి 12న సాత్తూరు దగ్గర అచ్చంకుళంలో బాణసంచా కర్మాగారం పేలి కనీసం 20 మంది చనిపోయారు. అసమ్మతి సెగకూ ధరల మంటకూ వాడి వాడి అరగదీసిన మాటలతో ఆ చావుల గురించి ఏం రాయగలం? గదిలో ఎంతమంది ఉండాలి, ఎంతమంది ఉన్నారు, మందు ఎవరు కలుపుతున్నారు, బాధితుల ఇళ్లకు పరిహారం చేరిందా అన్నవే అక్కడ రాయవలసిన సంగతులు.

మాట విలువ తెలిసిన మనిషీ ఆ సీమలోనే పుట్టారు. కోవిల్‌పట్టి పక్కనున్న ఇడైసేవల్‌లో తెలుగు ఇంట పుట్టిన కి. రాజనారాయణన్ తమిళంలో పెద్ద రచయిత అయ్యారు. తెలుగువాళ్లు దక్షిణానికి వలసపోయిన కథను నవలగా రాశారు. 1991లో సాహిత్య అకాడమీ పురస్కారం అందుకున్నారు. అంతటితో ఆగక, ఆ నల్లరేగడి సీమ జనం నోటి మాటలు ఏరి నిఘంటువు కూర్చారు. పత్రికలవాళ్లు ఆయన దగ్గర నేర్చుకోవలసింది ఆ శ్రద్ధే.

మనకు మాటల కరువు లేదు. ఎండ వేరు, ఉక్కపోత వేరు, వడగాలి వేరు, పొయ్యి సెగ వేరు. మైదానాల్లో గరిష్ఠ ఉష్ణోగ్రత కనీసం 40 డిగ్రీలకు చేరి, మామూలు కన్నా 4.5 డిగ్రీలు పెరిగితే గాని, లేదా ఏకంగా 45కు చేరితే గాని వాతావరణ శాఖ వడగాలి అనదు. అదీ నీడలో కొలిచిన లెక్క. చేలో కలుపు తీసే మనిషి నెత్తిన పడే ఎండ అంతకన్నా ఎక్కువ. 2015 వేసవిలో దేశంలో రెండు వేల మందికి పైగా వడదెబ్బకు పోయారు. వాళ్లలో ఎక్కువమంది ఆంధ్రప్రదేశ్, తెలంగాణల వాళ్లే. ఎండలు మండుతున్నాయని రాసి ఊరుకుంటే ఈ వార్త పూర్తికాదు. ఏ పనిలో ఉన్నవాళ్లు పోయారో, ఏ వేళకు పని ఆపితే బతికేవారో కూడా రాయాలి.

అందుకే ఈ సంచిక నుంచి మా పత్రికలో ఒక నియమం పెట్టుకుంటున్నాం. చర్చకు, ఎన్నికకు, అమ్మకానికి, మనిషికి వేడిని విశేషణంగా వాడం. ఎండకూ నిప్పుకూ వాడినప్పుడు దాని వెంట డిగ్రీలో, వేళో, దెబ్బతిన్నవాళ్ల వివరమో ఉంటుంది. తోటి పత్రికలూ ఈ పని చేయాలని మనసారా కోరుతున్నాం.