మిత్రుని పేర పరుగు

ముప్పది యేండ్లు మా ఊరి ఉన్నత పాఠశాలలో లెక్కలు చెప్పిన నా మిత్రునికి గొంతులో క్యాన్సరు అని వైద్యులు నిర్ణయించారు. ఆ సంగతి తెలిసిన వారంనాటికి ఆయన శిష్యులు నలుగురు నా వద్దకు వచ్చారు. మాష్టారి పేర ఒక పరుగు ఏర్పాటు చేసి, పోగైన సొమ్మును క్యాన్సరు ఆసుపత్రికి ఇవ్వాలని వారి సంకల్పం. అప్పుడు మా అరుగుమీద కూర్చుని ఉన్న పెద్దమనిషి ఒకరు వెంటనే ఆక్షేపించారు: "డబ్బు ఇవ్వదలచినవాడు కూర్చుండి ఇవ్వవచ్చును గదా! మనిషి మంచాన పడి ఉంటే మీరు రంగు చొక్కాలు తొడుక్కొని వీధుల్లో పరుగెత్తడం ఏమి మర్యాద?"

ఈ ఆక్షేపణను తేలికగా తోసిపుచ్చడానికి వీలులేదు. పరుగెత్తినందువల్ల ఎవరి రోగమూ కుదరదు. ఇటువంటి పేరు పెట్టుకొని నగరాలలో జరిగే కొన్ని పరుగులు చూశాను. ఎవరి కోసం పరుగెత్తుతున్నారో పరుగెత్తేవారికే తెలియదు. చొక్కామీద అచ్చువేసిన వ్యాపారి పేరు మాత్రం అందరికీ తెలుస్తుంది. ఉపాహారం, ఫొటోలు, పతకం ముగిసిన తరువాత రోగి సంగతి ఎవరికి కావాలి? పెద్దమనిషి కోపం ఇటువంటి వేడుకలమీదనే అయితే నేనూ ఆయన పక్షమే.

కాని పరుగే అనవసరమన్న మాటను ఒప్పుకోలేను. మన ఇండ్లలో ఒకరికి జబ్బు చేస్తే ఇంకొకరు మొక్కుకొంటారు. బిడ్డకు నయమైతే అలిపిరినుండి కాలినడకన కొండకు వస్తానని తల్లి మొక్కుకొంటుంది. హుండీలో వేయదలచిన కానుకను ఆమె ఎవరి చేతనైనా పంపించవచ్చు. అయినా 3,550 మెట్లూ ఎక్కుతుంది. ఆ ఎక్కడంవల్ల దేవునికి ఒరిగేదేమిటని ఆమెను మనం అడగం. తాను తీసుకోలేని బాధకు బదులుగా తన కాళ్ళకు చేతనైన బాధను ఆమె తీసుకొంటున్నదని మనకు తెలుసు. మిత్రుని పేర పరుగెత్తేవాడు చేసేదీ దాదాపు ఇదే. డబ్బు అతని జేబులోనుంచి వస్తుంది. పరుగు అతని ఒంటిలోనుంచి వస్తుంది.

ఇటువంటి పరుగులు లోకంలో ఇంతగా వ్యాపించడానికి ముఖ్యకారకులలో ఒకడు టెర్రీ ఫాక్స్ అనే కెనడా యువకుడు. 1977 మార్చిలో, 18వ ఏట, ఎముకలో క్యాన్సరు పుట్టినందున అతని కుడికాలు మోకాలికి పైగా తీసివేశారు. బ్రతికే అవకాశం నూటికి ఏబది పాళ్ళు ఉన్నదనీ, రెండేండ్ల క్రితమైతే అది పదిహేను పాళ్ళేననీ వైద్యులు చెప్పారు. ఆ రెండు అంకెల మధ్య ఉన్నది పరిశోధన. ఎవరో ఇచ్చిన ధనంతో, ఎవరో చేసిన శ్రమతో తనకు ఆయువు దక్కిందని ఆ కుర్రవాడు గ్రహించాడు. ఆసుపత్రిలో తన చుట్టూ ఉన్న పిల్లల బాధ కళ్ళారా చూశాడు. వారికోసం కెనడాను తూర్పునుండి పడమటికి పరుగున దాటాలని నిశ్చయించాడు.

1980 ఏప్రిల్ 12వ తేదీన సెంట్ జాన్స్ పట్టణంలో కృత్రిమపాదాన్ని అట్లాంటిక్ సముద్రంలో తడిపి బయలుదేరాడు. దినానికి సుమారు 42 కిలోమీటర్లు. అంటే దినానికొక మారథాను. మొదటి రోజులలోనే ఈదురుగాలి, వాన, మంచు ఎదురైనవి. వార్తాపత్రికలు అంతగా పట్టించుకోలేదు. అయినా పోర్ట్ ఓ బాస్క్ అనే చిన్న పట్టణంవారు పదివేల డాలర్లకు మించి చేతిలో పెట్టారు.

అతని కథ చాలామందికి తెలుసు. నాకు మాత్రం దానిలో ముందుగా కనిపించేది అతడు కాదు, వ్యాను తోలిన డగ్ ఆల్వార్డ్. ఇద్దరూ బడిలో బాస్కెట్‌బాల్ ఆడిన స్నేహితులు. మొదట పొట్టివాడనీ, ఆట రాదనీ అనిపించుకొన్న టెర్రీ పట్టుదలతో ఎదిగి, పాఠశాల చివరి సంవత్సరంలో ఉత్తమ క్రీడాకారుని బహుమతిని డగ్‌తోనే పంచుకొన్నాడు. అటువంటి డగ్ ఈ ప్రయాణంలో పరుగుపందెం వీరుడు కాడు. ఒక మైలు ముందుకు పోయి వ్యాను ఆపుతాడు, స్నేహితుడు వచ్చేదాకా వేచి ఉంటాడు, నీళ్ళిస్తాడు, మళ్ళీ ఒక మైలు పోతాడు. వంట చేస్తాడు. ఇంతే అతని పని.

వారిద్దరూ పోట్లాడుకొన్నారు కూడా. నోవాస్కోషియా చేరేటప్పటికి ఒకరితో ఒకరు మాటలాడుకోవడమే మానివేశారు. టెర్రీ తల్లిదండ్రులు వచ్చి సర్దిచెప్పవలసివచ్చింది. తరువాత అతని తమ్ముడు డారెల్ కూడా వ్యానులో చేరాడు. సన్మానసభల్లో ఈ భాగం ఎవరూ చెప్పరు. నేనైతే బడిపిల్లలకు తప్పక చెప్పవలసింది ఇదే అంటాను. రోగిష్టివానికి తోడుండడం నిత్యం మధురంగా ఉండదు. నొప్పితో ఉన్నవాడు కసరుతాడు. అలసినవాడు విసుక్కొంటాడు. మాటలు మానివేసిన రోజుల్లోకూడా డగ్ వ్యాను ఇంటిదారి పట్టలేదు. ముందు మైలు దగ్గరే ఆగి ఉన్నది.

ఆంటేరియోలో టెరెస్ బే అనే చోట, అదే జబ్బువల్ల కాలు పోగొట్టుకొన్న పదేళ్ళ పిల్లవాడు సైకిలెక్కి టెర్రీ వెంట కొన్ని మైళ్ళు వచ్చాడు. ఆ పసివాడు చందా ఏమిచ్చాడో నాకు అక్కరలేదు.

1980 సెప్టెంబరు 1వ తేదీన థండర్ బే సమీపంలో టెర్రీ ఆగిపోయాడు. జబ్బు ఊపిరితిత్తులకు ప్రాకింది. అప్పటికి 143 దినాలు, 5,373 కిలోమీటర్లు. దేశంలో తలకొక డాలరు కావాలని కోరినవాడు 1981 ఫిబ్రవరి నాటికి 2 కోట్ల 41 లక్షల డాలర్లు పోగైనట్లు విన్నాడు. అది దాదాపు ఆనాటి కెనడా జనసంఖ్య. 1981 జూన్ 28వ తేదీన, ఇరువదిమూడు నిండడానికి నెలరోజులుండగా, కన్నుమూశాడు. ఆ ఏడు సెప్టెంబరు 13న అతని పేర జరిగిన మొదటి పరుగులో మూడు లక్షలమంది పాల్గొని 35 లక్షల డాలర్లు ఇచ్చారు. ఈ వార్షిక పరుగు పందెం కాదు; దీనిలో గెలుపోటములు లేవు. నడవవచ్చు, చక్రాల కుర్చీలో రావచ్చు. ఈ ఒక్క నియమం మన నిర్వాహకులు గ్రహిస్తే చాలా వేడుకల రూపం మారుతుంది. జబ్బుపడినవాని పేర ఒకరినొకరు ఓడించుకోవడం నాకు ఎప్పుడూ ఎబ్బెట్టుగానే ఉంటుంది.

మా ఊరి కుర్రవాళ్ళకు ఇదంతా చెప్పి, "ముందు మాష్టారిని అడిగారా?" అన్నాను. ఒకరి మొగం ఒకరు చూసుకొన్నారు. అప్పటికే బ్యానరుమీద వేయడానికి ఆయన ఫొటో సిద్ధం చేయించారు. ఆయన ఇంటికి మాత్రం నలుగురిలో ఒక్కడే వెళ్ళాడు. వారిది చెడ్డబుద్ధి అనను. రోగిని చూడడానికి భయం. పరుగెత్తడానికి ఏ భయమూ లేదు. సులభమైనదానిని ముందు పట్టుకోవడం మనందరి స్వభావమే. నేనుకూడా ఆయన గడప తొక్కడానికి పదిరోజులు తాత్సారం చేశానన్న సంగతి వారికి చెప్పలేదు, ఇక్కడ చెప్పుకొంటున్నాను.

అందరమూ కలిసి వెళ్ళాము. ఆయనకు గొంతు పెగలడం లేదు. మేము చెప్పినదంతా విని, కాగితంమీద ఎప్పటి గుండ్రని అక్షరాలతో వ్రాశారు: "ఫొటో వద్దు. నేను ఇంకా ఉన్నాను. పందెం పెట్టవద్దు. వసూలుకు లెక్క వ్రాసి నాకు చూపించండి. పరుగు మా వీధినుండి పోవాలి." ఆ కాగితం చూసి, మా అరుగుమీది పెద్దమనిషి మారుమాటాడలేదు.

ఆనాటినుండి కుర్రవాళ్ళు వంతులవారీగా ఆయనను వైద్యానికి తీసుకొనివెళ్ళసాగారు. వారితోకూడా ఆయన కసురుకొనేవారు. ఒకడు రెండుసార్లు ఏడ్చాడు. మూడవసారి మళ్ళీ అతడే వెళ్ళాడు.

ఆదివారం తెల్లవారుజామున పరుగు మొదలైంది. మాష్టారు శాలువ కప్పుకొని వరండాలో కుర్చీ వేయించుకొన్నారు. ఒడిలో ఒక నోటుపుస్తకం. దానిలో పేర్లన్నీ అకారాది క్రమంలో ముందురోజే వ్రాసుకొన్నారు. ఒక్కొక్కడు ఆయన ముందునుండి పరుగెత్తిపోతూ "హాజరండీ!" అని కేక వేశాడు. ఆయన తల ఎత్తకుండా గీత పెట్టుకొంటూ పోయారు. చివర రెండు పేర్లు మిగిలినవి. ఆ ఇద్దరూ వచ్చేదాకా, ఎండ వరండాలోకి వచ్చినాకూడా, ఆయన లోపలికి వెళ్ళలేదు.