పండుగనాడు ఇంట లేని తండ్రి

పండుగ యనగా ఇంటివారందరును ఒకచోట చేరు దినము. దూరమున ఉద్యోగము చేయువాడు ఇల్లు చేరును. అత్తవారింట నున్న ఆడబిడ్డ పుట్టినింటికి వచ్చును. కాని ఎంత పెద్ద పండుగయైనను ఇల్లు చేరలేనివాడొకడు కలడు. అతడు సైనికుడు. అందును సముద్రములు దాటి పరదేశమున విధి నిర్వహించుచున్న సైనికుడు. అట్టివాని ఇంట పండుగ జరుగవలెనా, వలదా? ఈ ప్రశ్న నాకు గ్రంథములలో తటస్థపడినది కాదు. నా తరగతి గదిలోనే ఎదురైనది.

రెండేండ్ల క్రిందట, దసరా సెలవులు ముగిసిన పిమ్మట, ఎనిమిదవ తరగతి విద్యార్థులను 'మా ఇంటి పండుగ' అను వ్యాసమును వ్రాయుడని కోరితిని. ఒక బాలిక ఒక్క వాక్యము మాత్రమే వ్రాసి కాగితము నిచ్చెను: "ఈ సంవత్సరము మా ఇంట పండుగ లేదు." నేను ఆ వాక్యము వెనుక నున్న కారణమును విచారింపనైతిని. ఎఱ్ఱసిరాతో 'సోమరితనము' అని వ్రాసి సున్న వేసితిని. పొరుగు రాష్ట్రమున ఉపాధ్యాయ శిక్షణ పొందునపుడు, పిల్లవాని తప్పును దిద్దుటకు ముందు పిల్లవానిని తెలిసికొనుమని మా గురువులు బోధించియుండిరి. ఆ పాఠమును ఆనాడు మరచితిని.

మరునాడు ఆమె ప్రక్కన కూర్చుండు బాలిక వచ్చి, "సార్, వాళ్ళ నాన్న మిలిటరీల ఉన్నడు, దేశం దాటి పోయిండు" అని మెల్లగా చెప్పినది. నాకు సిగ్గు కలిగెను. ఆ సాయంకాలమే బామ్నిలోని వారి ఇంటికి పోతిని. తండ్రి ఐక్యరాజ్యసమితి శాంతిదళమున చేరిన భారత సేనతో దక్షిణ సూడానునకు వెళ్ళి ఐదు నెలలైనది. తల్లి ఏమియు దాచలేదు. "పెనిమిటి అంత దూరం ఉంటే ఈమె పూలు పేర్చుకొని ఆడుతాంది అని నలుగురు అంటరు సారు. నాకూ మనసు రాలే. అందుకే ఈసారి తంగేడు పువ్వు ఇంట్లకు తేలే" అని చెప్పెను.

బాలిక మాటలాడలేదు. లోనికి పోయి తన తెలుగు వాచకమును తెచ్చి తెరచి చూపినది. పుటల నడుమ ఎండిన జమ్మిరెమ్మ యొకటి యుండెను. దసరానాడు వీధిలోని పెద్దలు తన చేతిలో పెట్టిన జమ్మిలో కొంత దాచుకొన్నదట. "ఇది నాన్న చేతిల పెట్టి మొక్కాలె" అని మాత్రము చెప్పినది. పండుగ లేదని వ్రాసిన బిడ్డ పండుగను పుస్తకములో దాచుకొన్నది!

ఆ దినమున నాకు కలిగిన నిశ్చయమునే ఈ పత్రికా ముఖమున విద్యార్థులకును, తల్లిదండ్రులకును విన్నవించుచున్నాను. ఇంటి యజమాని పరదేశ సేవలో నున్న కారణమున ఆ ఇంటి పండుగ ఆగరాదు. చిన్నదిగా జరుపుకొనవచ్చును, మానరాదు. ఆ పండుగ ఆగకుండ చూచుట ఆ ఇంటివారి బాధ్యత మాత్రమే కాదు, ఇరుగుపొరుగు వారిది, పాఠశాలది కూడ.

ఇట్టి ఎడబాటు మనవారికి క్రొత్తది కాదు. 1914-18 నాటి మొదటి ప్రపంచ యుద్ధమున 13 లక్షలకు పైగా భారతీయులు సేవచేసిరి. వారిలో సుమారు 74,000 మంది తిరిగి రాలేదు. మన మహారాష్ట్రమున సాతారా జిల్లాలోని అపశింగే గ్రామము నుండి వెళ్ళిన వారిలో 46 మంది ఆ యుద్ధమున అసువులు బాసిరి. పశ్చిమ గోదావరి జిల్లాలోని మాధవరము ప్రతి యింటి నుండియు ఒకరినైనను సేనకు పంపిన గ్రామమని ప్రసిద్ధి కెక్కినది. మరాఠీ పల్లె 'అపశింగే మిలిటరీ' అయినది. తెలుగు పల్లె 'మిలిటరీ మాధవరము' అయినది. భాషలు వేరైనను ఆ పల్లెలలోని తల్లుల ఎదురుచూపు ఒక్కటే గదా!

స్వాతంత్ర్యానంతరమున మన సేన జయించుటకు గాక శాంతిని నిలుపుటకు పరదేశములకు వెళ్ళినది. 1950లో మన సైనిక వైద్యదళము కొరియాలో క్షతగాత్రులకు చికిత్స చేసినది. 1961 డిసెంబరు 5వ తేదీన కాంగో దేశమున కెప్టెన్ గుర్‌బచన్ సింగ్ సలారియా శాంతిసేవలో ప్రాణమర్పించి, మరణానంతరము పరమవీరచక్ర పొందెను. 2007లో మన కేంద్ర రిజర్వు పోలీసు దళమునకు చెందిన నూరుమందికి పైగా మహిళలు లైబీరియాకు వెళ్ళిరి. ఐక్యరాజ్యసమితి పంపిన మొట్టమొదటి మహిళా పోలీసు దళమది. వారిలో పసిబిడ్డలను ఇంట విడిచి వెళ్ళిన తల్లులును కలరు. కనుక పండుగనాడు ఇంట లేనిది తండ్రియే యని చెప్పుటకు వీలులేదు. ఇంతవరకు 2,90,000 మందికి పైగా భారతీయులు ఇట్టి శాంతిసేవలో పాల్గొనిరి. సుమారు 180 మంది ప్రాణములు కోల్పోయిరి.

ఈ సంఖ్యను చూచిన పిమ్మట, "అట్టి భయము నడుమ పండుగ యెట్లు చేసికొందుము?" అని ఒక తల్లి అడిగిన, ఆమె మాట తప్పని నేననను. మనసున లేని సంతోషమును ముఖమున పులుముకొనుమని ఎవరును ఆజ్ఞాపింపజాలరు. కాని పండుగ యనగా సంతోషము మాత్రమే కాదు. అది ఇంటి క్రమము. గడపకు పసుపు రాయుట, దీపము వెలిగించుట, పెద్దలకు మ్రొక్కుట, పదిమందికి ఇంత పెట్టుట అను పనుల వలన ఇల్లు నిలిచియున్నదని పిల్లలకు ధైర్యము కలుగును. ఆ పనులు ఆగిన, ఇంట ఏదియో కీడు జరిగినదని పసిమనసు తలచును. తండ్రి ఉద్యోగము తమకు విధింపబడిన శిక్ష యని భావించును. అంతకంటె ఆ తండ్రికి చేయు అన్యాయము వేరొకటి కలదా?

ఆ తండ్రి పక్షమునను ఆలోచింపుడు. మన సైనిక దళములు ఎక్కడ నున్నను సర్వధర్మస్థలము నేర్పరచుకొని, ఒకరి పండుగను అందరును కలిసి జరుపుకొందురు. అక్కడ దీపము వెలిగించిన జవాను, ఇంటివద్ద దీపము లేదని విన్న, ఆ రాత్రి నిదురించునా? ఇల్లు యథావిధిగా నడచుచున్నదను వార్తయే అతనికి బలము.

ఇక ఇరుగుపొరుగు వారి సంగతి. నాగపురమునకు సమీపమున నున్న కామఠీ వంటి కంటోన్మెంటులో ఒక జవాను భార్య చుట్టును పదిండ్లు అదే స్థితిలో నుండును. సైనికుల భార్యల సంక్షేమ సంఘమును 1966 నుండి పనిచేయుచున్నది. అక్కడ ఒకరి కష్టమును మరియొకరికి చెప్పనక్కరలేదు. మన బామ్నిలోనో, బల్లార్‌పూరులోనో బొగ్గుగనుల వారి నడుమ, కాగితపు మిల్లు వారి నడుమ అట్టి ఇల్లు ఏ వీధికో ఒక్కటి యుండును. ఆ ఒక్క ఇంటిని చూచి 'ఈమెకు పండుగ కావలసి వచ్చినదా' అనుట సులభము. ఆమె వాకిట నిలిచి 'పదవమ్మా, బతుకమ్మను కలిసి పేరుద్దము' అనుట అంతకంటె కష్టమా? మనము జమ్మిని బంగారమని పంచుకొందుము. మన మరాఠీ పొరుగువారు ఆపటాకును బంగారమని పంచుదురు. ఆ రెండు బంగారములును ముందుగా చేరవలసినది అట్టి ఇంటికే.

విద్యార్థులారా! మీకొక మాట. నేడు ఫోనులో ముఖము చూచుచు మాటలాడ వచ్చును. అది గొప్ప మేలు. కాని ఫోనును నమ్మి పండుగను దానికి ముడిపెట్టరాదు. దక్షిణ సూడానులో మనకంటె మూడున్నర గంటలు వెనుక. ఇక్కడ సాయంకాలము 7 గంటలకు దీపములు వెలిగించునపుడు అక్కడ మధ్యాహ్నము 3.30, తండ్రి పహరాలో నుండవచ్చును. 'ఏడింటికి నాన్న మాటలాడును' అని బిడ్డకు మాట యిచ్చి కూర్చుండబెట్టినచో, ఆ పిలుపు రానినాడు పండుగయంతయు కన్నీరగును. మాటలాడినపుడును ఇటువారు 'అంతా బాగే' యందురు, అటువారు 'అంతా బాగే' యందురు. ఉభయులును దాచుకొన్నది దాగియే యుండును.

అందుచేత జాబు వ్రాయుడు. సైనికుని చిరునామాలో ఊరిపేరుండదు. అతని సంఖ్య, పేరు, దళము పేరు, 56 ఎ.పి.ఓ. అనియో 99 ఎ.పి.ఓ. అనియో ఉండును. సైనిక తపాలా శాఖవారు దానిని చేర్తురు. ఎక్కడ నున్నావు, ఏమి చేయుచున్నావు అని అడుగకుడు. అది అతడు చెప్పదగినది కాదు. ఇంట ఏమి జరిగినదో వ్రాయుడు. బతుకమ్మను ఎన్ని వరుసలు పేర్చితిరో, సద్దులలో ఏది బాగుండెనో, ఎవరు అలిగిరో, ఆవు ఈనినదో లేదో వ్రాయుడు. మొదటి ప్రపంచ యుద్ధకాలమున చదువురాని సిపాయిలు ఇతరులచేత జాబులు వ్రాయించుకొనిరి. సెన్సారువారు వానిని చదివిరి. ఇంటివద్ద చదువు వచ్చినవా రెవరో చదివి వినిపించిరి. మీకు ఆ దుఃస్థితి లేదు. దినమంతయు హిందీలో మాటలాడు జవానుకు రాత్రివేళ ఇంటి తెలుగు అక్షరము కంటబడుట యెంత చల్లదనమో ఊహింపుడు. తెలుగు చదువు మనకేల యని అడుగువారికి ఇంతకు మించిన సమాధానము నేను చెప్పజాలను.

తుదకు పాఠశాల కర్తవ్యము. సైనికునికి సెలవు పంచాంగమును బట్టి దొరకదు. దళము అవసరమును బట్టి దొరకును. తండ్రి ఏ సాధారణ దినమున ఇల్లు చేరునో ఆ దినమే ఆ బిడ్డకు దసరా. అట్టి సమయమున రెండు మూడు దినములు బడికి రాకున్నచో హాజరుపట్టీ చూపి మందలింపక, ఆ సెలవును సంతోషముతో ఇచ్చుట మాకు ధర్మమని నా అభిప్రాయము. పరీక్షల దినములు తప్ప మరెప్పుడును దీనికి అడ్డు చెప్పరాదు.

ఆ బాలిక ఇంట ఆ యేడు దీపావళికి దీపములు వెలిగినవి. పొరుగువారు పోయి కూర్చుండిరి. మాఘమాసమున తండ్రి నల్లని ట్రంకుపెట్టెతో బల్లార్షా స్టేషనులో దిగెను. బాలిక మూడు దినములు బడికి రాలేదు. నాలుగవనాడు వచ్చి, పాఠము చదువుటకు వాచకమును తెరచినపుడు చూచితిని. జమ్మిరెమ్మ అందులో లేదు. అది చేరవలసిన చేతికి చేరినది. ఆమె పాత వ్యాసమును అడిగి తీసికొని, నేను వ్రాసిన మాటను నా చేతితోనే కొట్టివేసితిని.