261 నంబరు కోసం ఆగాలా, ఇప్పుడే కొనాలా?

నవంబర్ వచ్చిందంటే ఐర్లండ్‌లో కార్ల షోరూముల ముందు మూడంకెల బోర్డులు లేస్తాయి. ఈసారి బోర్డు 261. అంటే 2026 మొదటి ఆరునెలల్లో రిజిస్టరయ్యే కార్ల నంబరు. జులై నుంచి 262. మా ములింగార్‌లో రిజిస్టరయ్యే బండికి ఆ తర్వాత వెస్ట్‌మీత్ కౌంటీ గుర్తు డబ్ల్యూహెచ్ వస్తుంది. ఎవరి బండి ఏ ఏడాదిదో పక్కింటివాళ్ళకి కూడా దూరం నుంచే తెలిసిపోయే దేశం ఇది. కారు ధర పెరగడం తగ్గడం కూడా చాలావరకు ఆ మూడంకెల చుట్టూనే తిరుగుతుంది.

మాకు ఏడు సీట్ల బండి అవసరం పడింది. పోయిన వేసవిలో అత్తయ్యగారు, మావయ్యగారు వచ్చారు. 150 సెంటీమీటర్ల ఎత్తో, 36 కిలోల బరువో దాటేదాకా పిల్లలకి ఇక్కడ ప్రత్యేక సీటు ఉండాల్సిందే. వెనక రెండు పిల్లల సీట్లు పెడితే మధ్యలో ఒక మనిషి ఒదిగి కూర్చోవడం కూడా కష్టం. మోహెర్ కొండలు చూడ్డానికి బయల్దేరిన రోజు మావయ్యగారు "మీరు వెళ్ళి రండమ్మా, నాకు మోకాళ్ళు నొప్పిగా ఉన్నాయి" అన్నారు. నొప్పి నిజమే కావచ్చు గానీ, సీటు లేదన్నది మా అందరికీ తెలుసు. వచ్చే మేలో మళ్ళీ వస్తున్నారు. అందుకే ఈ లెక్కలన్నీ.

ముందు ఒక చేదు నిజం. అచ్చమైన కుటుంబ వ్యాన్ అనదగ్గ కార్లు యూరప్‌లో కనుమరుగవుతున్నాయి. ఫోర్డ్ గెలాక్సీ, ఎస్-మ్యాక్స్ తయారీ 2023 ఏప్రిల్‌లో ఆగిపోయింది. మిగిలినవి ఎక్కువగా ఏడు సీట్లు ఇరికించిన ఎస్‌యూవీలు: సొరెంటో, శాంటా ఫే, కొడియాక్, 5008 వంటివి. తక్కువ ధరలో అయితే డేసియా జాగర్. మూడో వరసలో పెద్దవాళ్ళని కూర్చోబెట్టి చూడకుండా ఏదీ కొనకండి. ఇంకో మెలిక ఏమిటంటే, కొడియాక్ పెట్రోల్, డీజిల్ బండ్లలో ఏడు సీట్లు దొరుకుతాయి గానీ, ప్లగ్-ఇన్ హైబ్రిడ్‌లో అయిదే ఉంటాయి. ఆ సంగతి తెలియక దానికోసం నేను రెండు వారాలు తిరిగాను.

ఇక నంబరు కథ. 2013కి ముందు ఏడాదికి ఒకే నంబరు ఉండేది కాబట్టి జనమంతా జనవరిలోనే ఎగబడేవారు. 2013 వస్తుంటే '13' అంకె అపశకునమని ఎవరూ కొనరేమో అన్న భయం పుట్టింది. అమ్మకాలు ఏడాదంతా సర్దుకుంటాయన్న ఆశ కూడా తోడై, 131, 132 అని రెండు ముక్కలు చేశారు. సర్దుబాటు కాలేదు గానీ ఒక పండగ రెండు పండగలైంది. 2024లో దేశం మొత్తమ్మీద సుమారు 1.21 లక్షల కొత్త కార్లు రిజిస్టరైతే, దాదాపు నాలుగో వంతు ఒక్క జనవరిలోనే. ఆ తర్వాతి స్థానం జులైది.

అంత గిరాకీ ఉన్న నెలలో ఎవరైనా ధర ఎందుకు తగ్గిస్తారు? తగ్గించరు. జనవరిలో వాళ్ళు తగ్గించేది వడ్డీ. నవంబర్, డిసెంబర్లలో తగ్గేది బండి ధర. అప్పటికి షోరూంలో మిగిలిన 252 బండ్లు, ప్రదర్శనకి తిప్పిన బండ్లు, టార్గెట్ కోసం డీలరే తన పేరున రిజిస్టర్ చేసుకున్న 'ప్రీ-రెజ్' బండ్లు బయటపడతాయి. ప్రీ-రెజ్ బండి మీటరు మీద పదో ఇరవయ్యో కిలోమీటర్లే ఉన్నా, కాగితాల్లో మీరు రెండో ఓనర్.

ఈ రెంటిలో ఏది లాభమో అందరికీ ఒకే జవాబు లేదు. మా డీలర్ 252 బండి మీద 2,800 యూరోలు తగ్గిస్తానన్నాడు. అదే మోడల్ 261కి తగ్గింపు సున్నా, కానీ వడ్డీ కూడా సున్నా. 30,000 యూరోలు మూడేళ్ళకి 6.9 శాతంతో తీసుకుని నెలనెలా కట్టి పూర్తిగా తీరిస్తే వడ్డీ దాదాపు 3,200. 2,800 తగ్గి 27,200 తీసుకున్నా 2,900 వడ్డీ పడుతుంది. అంటే ధరలో మిగిలింది మొత్తం వడ్డీకే పోతుంది, పైన ఇంకో వంద. చేతిలో డబ్బున్నవాళ్ళకి డిసెంబరు లాభం, అప్పు మీద కొనేవాళ్ళకి సున్నా వడ్డీ జనవరి లాభం. మాకు సగం చేతిలో ఉంది కాబట్టి డిసెంబరు వైపే మొగ్గింది.

కానీ జనవరి ప్రకటనల్లో కనిపించే తక్కువ వాయిదా చాలాసార్లు పీసీపీది. అందులో మూడేళ్ళ చివర పెద్ద మొత్తం ఒకటి మిగిలే ఉంటుంది, అది కట్టేదాకా బండి మనది కాదు. పైగా కిలోమీటర్ల పరిమితి ఒకటి. ఇల్లు దొరుకుతుందని ములింగార్‌లో ఉంటూ డబ్లిన్‌లో ఉద్యోగం చేసేవాళ్ళు వారానికి నాలుగు రోజులు, ఏడాదికి 46 వారాలు కారులో వెళ్ళొచ్చినా 29,000 కిలోమీటర్లు దాటుతుంది. సంతకం పెట్టేముందు ఆ అంకె చూడండి.

రెండోది, బండి ఎన్నాళ్ళు ఉంచుకుంటారన్నది. డిసెంబరు 20న రిజిస్టరైన బండీ, జనవరి 2న రిజిస్టరైనదీ నిజానికి కవలపిల్లలే. కానీ 2028లో అమ్మకానికి పెడితే ఒకటి '2025 బండి', ఇంకోటి '2026 బండి'. మూడేళ్ళకోసారి మార్చేవాళ్ళు ఇవాళ మిగిల్చింది ఆ రోజు తిరిగి ఇచ్చేస్తారు. పదేళ్ళు నడిపేవాళ్ళకి ఆ తేడా పెద్దగా మిగలదు. మా ఇప్పటి బండి 161, ఇక్కడికి వచ్చిన కొత్తలో కొన్నది. మేం ఎలాంటివాళ్ళమో దాన్ని చూస్తేనే తెలుస్తుంది. దానికి పదేళ్ళు నిండాయంటే ఎన్‌సీటీ పరీక్ష ఏటా చేయించాలి. మార్పిడి ధర కూడా డిసెంబరు దాకానే అన్నాడు డీలర్. కొత్త సంవత్సరం మన పాత బండికీ వయసు పెంచుతుంది మరి.

ప్లగ్-ఇన్ హైబ్రిడ్ చూస్తున్నవాళ్ళకి ఈ డిసెంబరు ఇంకొంచెం ముఖ్యం. ఇక్కడ రిజిస్ట్రేషన్ పన్ను వీఆర్‌టీ, బండి వదిలే కార్బన్ డయాక్సైడ్‌ని బట్టి 7 నుంచి 41 శాతం దాకా ఉంటుంది. ఏడాదికి కట్టే రోడ్డు పన్నూ దాన్నిబట్టే. ప్లగ్-ఇన్ బండి ఎంత దూరం కరెంటు మీద నడుస్తుందన్న అంచనాని యూరప్ కొత్త నియమం బాగా తగ్గించింది. 2026 జనవరి 1 నుంచి కొత్తగా రిజిస్టరయ్యే బండ్లన్నిటికీ అది వర్తిస్తుంది. ఇంజిన్ మారదు, పొగ మారదు, కాగితం మీద అంకె పెరుగుతుంది, దాంతోపాటు పన్నూ పెరగొచ్చు. పూర్తి ఎలక్ట్రిక్‌కి ఆ హడావిడి లేదు. వీఆర్‌టీ రాయితీని అక్టోబర్ బడ్జెట్‌లో 2026 చివరిదాకా పొడిగించారు. అయితే ఆ రాయితీ 40,000 యూరోల నుంచి కరుగుతూ 50,000 దగ్గర సున్నా అవుతుంది. ఏడు సీట్ల ఎలక్ట్రిక్ బండ్లలో చాలావాటి ధర అక్కడికి చేరిపోతుంది.

ఇండియాలో మావాళ్ళూ ఈమధ్య ఇదే ఆట ఆడారు. జీఎస్టీ తగ్గుతుందని ఆగస్టు 15న ప్రధాని చెప్పాక మా తమ్ముడు బుకింగ్ ఆపేసి, సెప్టెంబర్ 22న కొత్త రేటు అమల్లోకి వచ్చాకే చిన్న కారు కొన్నాడు. 28 శాతం మీద సెస్సు పోయి 18 అయింది. వాడికి తేదీ ప్రభుత్వం చెప్పింది, మాకు నంబరు ప్లేటు చెబుతోంది. బ్రిటన్‌లో ఉన్నవాళ్ళు మాత్రం ఇదే లెక్కని ఫిబ్రవరికీ ఆగస్టుకీ వేసుకోవాలి, అక్కడ ప్లేటు మార్చిలో, సెప్టెంబరులో మారుతుంది.

ఇక పంచాంగం. ఈ దేశపు రెండు కార్ల పండగలూ మనకి శూన్యమాసాల్లో పడతాయి. జనవరి మొదట్లో పుష్యం, జులైలో ఆషాఢం. గిరాకీ నెలల్లో కొనొద్దని పంచాంగమే మనకి చెబుతోందని మురిసిపోయాను. పాత బండ్లు తగ్గించి అమ్మే కాలం సరిగ్గా మార్గశిరం కదా! కానీ ఈసారి నవంబర్ ఆఖరు నుంచి శుక్రమౌఢ్యమి. వాహనానికి పట్టింపు లేదని ఒక పంతులుగారు, ఉందని ఇంకొకరు. ఫోన్లో అత్తయ్యగారే తేల్చారు: "అడ్వాన్సు మౌఢ్యం రాకముందే కట్టెయ్యండి, బండి ఎప్పుడొచ్చినా నిమ్మకాయలు తొక్కిద్దాం."

అడ్వాన్సు నవంబర్ 24న కట్టాం. 252, డబ్ల్యూహెచ్, ప్రీ-రెజ్ కాదు. నెలాఖరులోగా రిజిస్టర్ చేసి ఇస్తానన్న మాటని డీలర్‌చేత రాయించుకున్నాం. మావయ్యగారు వీడియోలో చూసి అడిగింది ఒక్కటే: "మధ్య వరసలో నా పక్కన ఎవరు కూర్చుంటారు?"